పోపు లేని పప్పు: రాత్రి భోజనానికి గ్రీకు తరహా మసూర్ బౌల్

పప్పంటే మనకి మెత్తగా ఉడకాలి, ఎనిపితే మెదగాలి, పోపు పడ్డాక అన్నంలో కలిసిపోవాలి. గ్రీసు వాళ్ళ పప్పుకి ఈ మూడూ అక్కర్లేదు. గింజ గింజలాగే ఉంటుంది. ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ ఏవీ పడవు. వేడి గింజల మీద పులుపు, పచ్చి నూనె, కాస్త ఆకు వాసన పడతాయి, రుచంతా వాటిదే. అందుకని ఈ వంటలో కొత్తగా నేర్చుకోవాల్సినవి రెండే. గింజ చితక్కుండా ఉడికించడం ఒకటి, వేడి తగ్గకముందే దానికి పులుపు పట్టించడం రెండోది. మిగతాదంతా కోసి పక్కన పెట్టుకునే పనే.

ఇది అచ్చం గ్రీకు వంటేనని చెప్పను. అక్కడి మూడు వంటల్లోంచి తలా కొంత తీసుకున్నది. మసూర్ గింజల్ని వెల్లుల్లి, బిర్యానీ ఆకు లాంటి ఒక ఆకు వేసి ఉడికించి, తినేముందు వెనిగర్ పోసుకునే ‘ఫకేస్’ వాళ్ళ ఇళ్ళలో రోజువారీ వంట. టమాటా, కీర, ఉల్లి పెద్ద ముక్కలుగా కోసి, ఆలివ్ కాయలు వేసి, పైన ఫెటా చీజ్ పెట్టేది ‘హోరియాటికి’ సలాడ్. నీళ్ళు తీసిన పెరుగులో కీర తురుము, వెల్లుల్లి కలిపేది ‘జజీకి’, మన పెరుగుపచ్చడికి దగ్గర చుట్టం. ఈ మూడూ ఒకే గిన్నెలో చేరితే ఇంటిల్లిపాదికీ ఒక పూట భోజనం. శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా రైతుబజారు సంచీతోనే చాలావరకు గడిచిపోతుంది. దొరకనివి ఫెటా, ఆలివ్, ఒరెగానో. వాటికి బదులేమిటో ఎక్కడికక్కడ చెబుతాను.

ఏ గింజ కొనాలి

కొట్లో ‘మైసూర్ పప్పు’ అని అడిగితే పొట్టు తీసిన ఎర్రపప్పు ఇస్తారు. అది వద్దు. పొయ్యి మీద పెట్టిన పావుగంటలో ముద్దయిపోతుంది. మీకు కావాల్సింది పొట్టుతో ఉన్న గుండు మసూర్. మట్టి రంగులో, కందిగింజ కన్నా చిన్నగా, మధ్యలో ఉబ్బి అంచు పల్చగా ఉంటుంది. ప్యాకెట్ మీద ‘సాబుత్ మసూర్’ అని ఉంటే అదే. ఇచ్ఛాపురం, సోంపేట వైపు ఒడియా ఇళ్ళున్నచోట కొట్టువాడికి విడమరిచి చెప్పనక్కర్లేదు. మిగతాచోట్ల ఒకసారి చేతిలో పోయించుకుని చూసి తీసుకోండి.

దొరక్కపోతే పెసలు వాడండి. వరి కోతలయ్యాక మన పొలాల్లో మినుములతో పాటు పండేవే కదా, పాత నిల్వ కాకుండా చూసుకుంటే చాలు. మూడు గంటలు నానబెట్టాలి. ఉలవలు కూడా బాగుంటాయి. నిజం చెప్పాలంటే నిమ్మరసం ఉలవలకి పట్టినట్టు మసూర్‌కి కూడా పట్టదు. కానీ రాత్రే నానబెట్టుకోవాలి, కుక్కర్లో ఆరేడు విజిళ్ళు రావాలి, కాబట్టి ఆఫీసు నుంచి వచ్చాక అప్పటికప్పుడు అనుకుంటే కుదరదు. మసూర్ సుఖమేమిటంటే నానబెట్టకపోయినా అరగంటలో ఉడికిపోతుంది.

నలుగురికి ఏవెంత

గుండు మసూర్ 200 గ్రాములు. గడ్డపెరుగు అర లీటరు. పనీర్ 100 గ్రాములు. కీర రెండు, గట్టి టమాటాలు మూడు, పెద్ద ఉల్లిపాయ ఒకటి, పొడుగు వంకాయలు రెండు. నిమ్మకాయలు మూడు, వెల్లుల్లి ఐదారు రెబ్బలు, పుదీనా గుప్పెడు, వామాకులు నాలుగు, బిర్యానీ ఆకు ఒకటి. నూనె నాలుగైదు పెద్ద చెంచాలు. మిరియాల పొడి, ఉప్పు. అడుగున పరుచుకోవడానికి కొర్రలో సామలో ఒక గ్లాసు, లేదా దంపుడు బియ్యం.

నూనె సంగతి. ఆలివ్ నూనె కొంటే ఎక్స్‌ట్రా వర్జిన్ కొనండి, చిన్న సీసా చాలు, వేపుళ్ళకి తగలెయ్యకండి. ఈ వంటలో వంకాయ కాల్చే చెంచాడు తప్ప నూనె పొయ్యెక్కదు, పైన పచ్చిగా పోసేదే, అందుకే దాని వాసన ముఖ్యం. లేకపోతే గానుగ నువ్వుల నూనె. ఇడ్లీ కారప్పొడిలో పచ్చిగా పోసుకునే అలవాటు మనకెలాగూ ఉంది కాబట్టి ఎవరూ ముఖం తిప్పుకోరు. రుచి గ్రీసు నుంచి కొంచెం మన వైపు జరుగుతుంది, పర్వాలేదు. వాసన లేని రిఫైన్డ్ నూనె మాత్రం ఇక్కడ దండగ.

పొద్దున్నే ఐదు నిమిషాల పని

పెరుగులో నీళ్ళు దిగాలి. జల్లెడ మీద పల్చటి నూలుబట్ట వేసి, పెరుగు పోసి, మూటలా ముడిచి, కింద గిన్నె పెట్టి మొత్తం ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఇంట్లో పాతబడ్డ పొందూరు ఖద్దరు పంచె ఉంటే దాని చెరగుని మించిన వడపోత బట్ట లేదు (కొత్తది జోలికి పోకండి, దాని ధరకి నెల రోజుల పెరుగు వస్తుంది). బయట కొళాయికి వేలాడదీసే పద్ధతి మన ఉక్కపోతకి పనికిరాదు, సాయంత్రానికి పులిసిపోయి వెల్లుల్లితో కలిపితే నోట్లో పెట్టుకోలేం. సాయంత్రానికి పెరుగు సగమై, చెంచాతో తీస్తే నిలబడుతుంది. కింద దిగిన నీళ్ళు పారబోయకండి, చపాతీ పిండికి పనికొస్తాయి.

ఫెటా గ్రీసులో గొర్రెపాలతో చేస్తారు. ఎక్కువంటే 30 శాతం మేకపాలు కలుపుతారు, ఉప్పునీళ్ళలో నెలల తరబడి మాగనిస్తారు. 2002 నుంచి ఐరోపా సమాఖ్య చట్టం ప్రకారం ఆ పేరు గ్రీసుదే. మన పనీర్ అంత పుల్లగా, ఘాటుగా ఎన్నటికీ కాదు. కానీ ఉప్పదనం, పులుపు తెప్పించవచ్చు. గ్లాసు నీళ్ళలో రెండు చిన్న చెంచాల ఉప్పు, అర నిమ్మచెక్క రసం కలిపి, పనీర్‌ని వేలెడంత ముక్కలు చేసి అందులో ముంచి ఫ్రిజ్‌లో పెట్టండి. రాత్రి తీసి, తడి ఒత్తేసి, చేత్తో చిదిపితే సరిపోతుంది. చాకుతో చదరాలుగా కోయకండి, చిదిపిన పనీరే గింజల సందుల్లోకి పోతుంది.

కొర్రలు కూడా పొద్దున్నే కడిగి నీళ్ళు పోసి ఉంచితే రాత్రి గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్ళతో అన్నంలా వండుకోవచ్చు.

గింజ ఉడికించడం

రాత్రి వంటగదిలోకి రాగానే ముందు ముట్టుకోవాల్సింది ఇదే. మసూర్‌ని రాళ్ళు ఏరి, రెండు మూడుసార్లు కడిగి, వెడల్పాటి గిన్నెలో నాలుగు గ్లాసుల నీళ్ళతో పెట్టండి. చితక్కొట్టిన వెల్లుల్లి రెబ్బలు రెండు, బిర్యానీ ఆకు వేయండి. పొంగు వచ్చాక మంట తగ్గించి, మూత సగం తెరిచి ఉంచండి. నీళ్ళు కుతకుతలాడకూడదు, అంచుల్లో బుడగలు వస్తుంటే చాలు. కుతకుతలాడితే గింజలు ఒకదాన్నొకటి కొట్టుకుని పొట్టు ఊడిపోతుంది. పదిహేను నిమిషాలయ్యాక అర చెంచా ఉప్పు వేయండి.

టమాటా, నిమ్మరసం, చింతపండు ఇప్పుడు వేయకండి. పులుపు ముందే పడితే పప్పు ఉడకదన్నది మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే. కారణం గింజ గోడల్లో ఉండే పెక్టిన్. పులుపు తగిలితే అది కరగదు. బోరునీళ్ళలో పప్పు మొండికేయడానికీ అదే కారణం, నీళ్ళలోని సున్నం ఆ పెక్టిన్‌ని బిగదీస్తుంది. మీ వీధి బోరునీళ్ళు ఉప్పగా, చవుడుగా ఉంటే తాగే క్యాను నీళ్ళు వాడండి, లేదా చిటికెడు వంటసోడా వేయండి. చిటికెడంటే చిటికెడే. ఎక్కువైతే గింజ సబ్బు వాసన కొట్టి ముద్దవుతుంది.

పద్దెనిమిదో నిమిషం నుంచి పొయ్యి దగ్గరే ఉండండి. గరిటెతో నాలుగు గింజలు తీసి, ఒకటి బొటనవేలు చూపుడువేలు మధ్య పెట్టి నొక్కండి. పొట్టు లోపల గింజ రెండు ముక్కలై జారితే, కానీ మధ్యలో తెల్ల చుక్క కనిపిస్తే ఇంకో మూడు నిమిషాలు. తెల్ల చుక్క పోయి, నొక్కితే మెత్తటి ముద్దలా అణగాలి, కానీ నొక్కనంత వరకు ఆకారం చెడకూడదు. నాలుగింటిలో మూడు అలా ఉంటే దించేయండి, నాలుగోది మిగిలిన వేడికి అవుతుంది. పాత గింజలైతే అరగంట పట్టొచ్చు. కుక్కరే దిక్కంటే సన్నమంట మీద ఒక్క విజిల్, ఆపేసి ఆవిరి దానంతటదే పోనివ్వండి. ఒకోసారి బాగా వస్తుంది, ఒకోసారి అడుగు మెత్తబడుతుంది, నేను పూచీ పడను.

వడకట్టి, ఆ కట్టు దాచండి. మిరియాలు, చింతపండు వేస్తే మర్నాడు చారు.

వేడి మీద పులుపు

గింజలు ఉడుకుతుండగానే చిన్న గిన్నెలో మూడు పెద్ద చెంచాల నూనె, రెండు పెద్ద చెంచాల నిమ్మరసం, నూరిన వెల్లుల్లి ఒక రెబ్బ, అర చెంచా మిరియాల పొడి, చిటికెడు ఉప్పు కలిపి పెట్టుకోండి. వడకట్టిన గింజలు ఇంకా పొగలు కక్కుతుండగానే ఇది పోయాలి. చల్లారిన గింజ మీద పోస్తే పులుపు పైపైనే జారిపోతుంది, వేడి గింజ పీల్చుకుంటుంది. గరిటె పెట్టి కలపకండి. గిన్నెని రెండు చేతుల్తో పట్టుకుని చాటలో బియ్యం ఎగరేసినట్టు నాలుగుసార్లు ఎగరేయండి. మూతపెట్టి పది నిమిషాలు వదిలేసి, అప్పుడు రుచి చూడండి. నిమ్మరసం ఇంకో చెంచా అడుగుతుంది, దాదాపు ప్రతిసారీ అడుగుతుంది.

ఇక్కడే చెయ్యి పోపుల పెట్టె వైపు పోతుంది. ఆపుకోండి. ఆవాలు చిటపటలాడాయంటే ఇది మళ్ళీ మన పప్పే అవుతుంది, మంచిదే కానీ వేరే వంట.

ఒరెగానో సంగతి. పిజ్జాతో వచ్చే చిన్న పొట్లాలు అందరి ఇళ్ళలో డ్రాయర్లో పేరుకుని ఉంటాయి. వాడుకోండి, కానీ చాలావాటిలో ఒరెగానోతో పాటు ఉప్పు, కారం కలిసి ఉంటాయి, కాబట్టి గింజల్లో ఉప్పు తగ్గించండి. నా మటుకు నాకు దానికంటే మేడ మీద కుండీలో ఉన్న వామాకే నయం. ఆకు దళసరిగా, నూగుతో ఉంటుంది. మధ్యకి విరిచి ముక్కు దగ్గర పెట్టుకుంటే వాము ఘాటు, దాని వెనక కాస్త కర్పూరం, ఇంకా వెనక పిజ్జా పొట్లం వాసన. ఊహ కాదు, ఒరెగానోకి ఆ ఘాటునిచ్చే కార్వక్రాల్, థైమాల్ అనే నూనెలు వామాకులోనూ ఉన్నాయి. నాలుగాకులు బాగా సన్నగా తరిగి గింజల్లో కలపండి. బజ్జీల లెక్కన పది ఆకులు తరిగారో, పిల్లలు దగ్గుమందు వాసనని కంచం తోసేస్తారు.

పక్కవి

గింజలు ఉడికే అరగంటలో ఇవన్నీ అయిపోతాయి. వంకాయల్ని అరంగుళం మందాన చక్రాలుగా కోసి, ఉప్పు రాసి, పది నిమిషాల తర్వాత చెమ్మ తుడిచి, పెనం మీద ఒక చెంచా నూనెతో రెండు వైపులా గోధుమ రంగు వచ్చేదాకా కాల్చండి. కదపకండి, కదిపితే రంగు రాదు. లేత బీరకాయ ఉంటే అలాగే కాల్చుకోవచ్చు.

ఒక కీరని తురిమి, గట్టిగా పిండి, నీళ్ళు దిగిన పెరుగులో కలపండి. పిండకపోతే పొద్దుట్నుంచి పెరుగులోంచి తీసిన నీళ్ళన్నీ మళ్ళీ వచ్చి చేరతాయి. నూరిన వెల్లుల్లి సగం రెబ్బ, పుదీనా తరుగు, ఉప్పు, చెంచాడు నూనె. మిగిలిన కీర, టమాటాలు పెద్ద ముక్కలు. ఉల్లిపాయ చీలికల్ని ఉప్పు, నిమ్మరసంలో కాసేపు ఉంచితే ఘాటు తగ్గుతుంది.

ఆలివ్‌లకి సరైన బదులు మన దగ్గర లేదు. విశాఖ వెళ్ళినప్పుడో, ఊళ్ళో పెద్ద సూపర్ మార్కెట్లోనో సీసా దొరికితే మంచిదే. లేకపోతే ఉప్పులో ఊరిన ఉసిరికాయ ముక్కలు సన్నగా తరిగి వేయండి, వానాకాలమైతే వాక్కాయలు చీల్చి గింజ తీసి గంటసేపు ఉప్పులో వేసినవి. చేదు రాదు గానీ ఉప్పూ పులుపూ కలిసి పంటికి తగులుతాయి, బౌల్‌కి కావాల్సింది అదే. పైన నాలుగు వేయించిన జీడిపప్పులు వేస్తే అది గ్రీసు కాదు, పలాస. గుళ్ళు అక్కర్లేదు, బద్దలూ ముక్కలూ చౌక, రుచిలో తేడా లేదు.

వడ్డించడం, ఎవరికి ఎలా

వెడల్పాటి గిన్నెలో అడుగున కొర్రన్నం రెండు గరిటెలు, ఒక పక్క మసూర్ అంతకంటే ఎక్కువ, ఇంకో పక్క వంకాయ, కూర ముక్కలు, మధ్యలో పెరుగు, పైన చిదిపిన పనీర్, పుదీనా. అన్నం కంటే గింజ ఎక్కువ ఉండాలన్నదే ఇందులో అసలు లాభం. మనింటి రాత్రి భోజనంలో లెక్క తలకిందులుగా ఉంటుంది కదా, ముప్పాతిక కంచం అన్నం, గరిటెడు పప్పు. తలా 50 గ్రాముల మసూర్ అంటే పన్నెండు గ్రాముల పైచిలుకు మాంసకృత్తులు, పెరుగూ పనీరూ కలిస్తే ఇరవై దాకా వస్తాయి. 55 కిలోల ఆడమనిషికి భారత వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పిన రోజువారీ అవసరం సుమారు 46 గ్రాములు. ఒక్క పూటలో సగానికి దగ్గర. మసూర్‌లో ఇనుము బాగానే ఉంటుంది, నిమ్మరసంలోని సి విటమిన్ దాన్ని ఒంటికి పట్టేలా చేస్తుంది. భోజనం చేసిన వెంటనే టీ తాగితే ఆ పని చెడుతుంది, గంట ఆగండి.

ఉప్పు మీద కన్నేసి ఉంచండి. పనీర్లో ఒకటి, ఉసిరిలో ఒకటి, పెరుగులో ఒకటి, అన్నీ కలిపితే ఎక్కువవుతుంది. బీపీ ఉన్నవాళ్ళ గిన్నెలో ఉప్పునీళ్ళలో ముంచని పనీర్ వేయండి. ఉద్దానం వైపు ఇళ్ళలో ఇంకో మాట తప్పనిసరి. కిడ్నీ జబ్బుతో ఉన్నవాళ్ళకి పప్పు, టమాటా, పెరుగు, ఉప్పు ఎంత పెట్టాలన్నది డాక్టరు చెప్పిన లెక్క ప్రకారమే. ఆరోగ్యానికి మంచిదన్న పేరు చూసి వాళ్ళకి ఈ బౌల్ పెట్టేయకండి.

ఇంట్లో పెద్దవాళ్ళు ‘ఈ గుగ్గిళ్ళేటి, అన్నంలోకి ఎలా కలుపుకుంటాం’ అంటారు. వాళ్ళ మాటా కాదనలేం. నిమ్మరసం పోయకముందే ఒక గరిటె గింజలు పక్కకి తీసి, కట్టు కొంచెం పోసి ఎనిపి, వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు వేసి అత్తగారి కంచంలో పెట్టండి. ఇక్కడ పోపుకి నాకే అభ్యంతరమూ లేదు. పిల్లలకైతే అన్నీ విడివిడిగా పెట్టి వాళ్ళనే కలుపుకోనివ్వండి. గిన్నెలో బొమ్మలు చేసుకుంటూ తినేస్తారు.

కార్తీకమాసంలో ఉల్లి, వెల్లుల్లి మానేసేవాళ్ళు వాటిని తీసేసి అల్లం తురుము కొంచెం వేసుకోవచ్చు. మసూర్ కూడా ముట్టని ఇళ్ళున్నాయి, వాళ్ళు పెసలతో చేసుకోవాలి. ఈస్టర్ ముందు ఉపవాసాలుండే గ్రీసు వాళ్ళు కూడా పాలు, చీజ్, మాంసం మానేసి ఎక్కువగా గింజలూ కూరలతో గడుపుతారు. పనీర్, పెరుగు లేకుండా చేసుకుంటే అది కూడా అక్కడి పద్ధతే.

మిగిలితే గింజలు వేరుగా, పెరుగు వేరుగా ఫ్రిజ్‌లో పెట్టండి. గింజలు మూడు రోజులుంటాయి, మర్నాటికి పులుపు బాగా పట్టి ఇంకా బాగుంటాయి, ఆఫీసు డబ్బాకి పనికొస్తాయి. కోసిన టమాటా, కీర మాత్రం ఆ పూటకే. మూడో రోజు ఇంకా గుప్పెడు గింజలు ఉండిపోతే బరకగా రుబ్బి, ఉల్లి, పచ్చిమిర్చి, చెంచాడు బియ్యప్పిండి కలిపి పెనం మీద చిన్న అట్ల మాదిరి తట్టి కాల్చుకోండి. గ్రీసులోనూ మసూర్‌తో ఇలాంటి వడలు చేస్తారు. వాళ్ళు పెరుగుతో తింటారు, మనకి అల్లప్పచ్చడి బాగుంటుంది.